పంట కాలమే కొలమానం: పరిశోధనా స్థానాల నెట్‌వర్క్ నిల్వకు కాలబద్ధ బ్యాకప్ విధానం

సారాంశం

క్షేత్ర ప్రయోగాల దత్తాంశాన్ని నాస్ అని వ్యవహరించే నెట్‌వర్క్ నిల్వ పరికరంలో ఉంచినంత మాత్రాన అది సురక్షితమైనట్లు కాదు. డిస్కు చెడిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు. పొరపాటున చెరిపివేయడం, గమనించకుండా తప్పుగా మార్చడం, రాన్సమ్‌వేర్, అగ్నిప్రమాదం, తుఫాను వంటివి కూడా దత్తాంశ నష్టానికి కారణాలే. వ్యవసాయ పరిశోధనలో ఒక తప్పు జరిగిన రోజుకూ అది బయటపడే రోజుకూ మధ్య తరచుగా ఒక పంట కాలం గడిచిపోతుంది. కాబట్టి బ్యాకప్ ప్రతులను ఎంతకాలం ఉంచాలన్నది పరికరంలోని ముందస్తు అమరికను బట్టి కాక, పంట కాలాన్ని బట్టి నిర్ణయించాలి. అందుకు అనువైన కాలపట్టిక, నిల్వ గడువు, ప్రతులు ఉంచవలసిన స్థలం, పునరుద్ధరణ పరీక్ష అనే అంశాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

తిరిగి పండించలేని పంట

వరి ప్రయోగంలో ఒక ఖరీఫ్‌లో లెక్కించిన పిలకల సంఖ్యను మరుసటి ఖరీఫ్‌లో తిరిగి లెక్కించడం సాధ్యం కాదు. విత్తనం అదే కావచ్చు, మడి అదే కావచ్చు, ఎరువుల మోతాదు కూడా అదే కావచ్చు. వర్షపాతం, ఉష్ణోగ్రత, చీడపీడల ఉధృతి మాత్రం మారిపోతాయి. ప్రయోగశాలలో నమూనా పాడైతే మరొక నమూనా తీసుకోవచ్చు. క్షేత్రంలో రుతువు గడిచిపోతే దాని స్థానంలో పెట్టడానికి మరొకటి లేదు.

దీర్ఘకాలిక ప్రయోగాలలో ఈ విలువ మరింత స్పష్టమవుతుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో ప్రారంభమైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతోంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత సమన్వయ పథకం 1970లో మొదలైంది. తెలంగాణలోని జగిత్యాల కూడా ఈ పథకం కేంద్రాలలో ఒకటి. ఇటువంటి ప్రయోగాలలో ఒక ఏడాది దత్తాంశం పోతే ఆ ఏడాది ఫలితం మాత్రమే కాదు, దశాబ్దాల శ్రేణిలో ఒక లంకె తెగిపోతుంది.

గతంలో ఈ దత్తాంశమంతా క్షేత్ర పుస్తకాలలో ఉండేది. తడిసినా, చెదలు పట్టినా కొన్ని పుటలైనా మిగిలేవి. నేడు ట్యాబ్లెట్‌లో నమోదు చేసిన పరిశీలనలు, స్వయంచాలిత వాతావరణ కేంద్రం రికార్డులు, డ్రోన్ చిత్రాలు, జన్యుక్రమ ఫలితాలు ఒకే పరికరంలోకి చేరుతున్నాయి. సౌకర్యం పెరిగినట్లే, ఒక్క సంఘటనతో సమస్తం పోయే అవకాశమూ పెరిగింది.

నాస్ చేసేది, చేయనిది

నాస్ అనేది ప్రాథమికంగా స్థానిక నెట్‌వర్క్‌కు అనుసంధానమైన చిన్న సర్వరు. అందులో రెండు లేదా అంతకంటే ఎక్కువ డిస్కులు ఉంటాయి. శాస్త్రవేత్తలు, విద్యార్థులు తమ కంప్యూటర్ల నుంచి ఒకే ఉమ్మడి ఫోల్డరును వాడుకుంటారు. దీనిలోని మూడు సదుపాయాలను బ్యాకప్‌గా పొరబడటం సాధారణం.

మొదటిది రైడ్. దత్తాంశాన్ని పలు డిస్కులపై పంచి రాయడం వల్ల ఒక డిస్కు చెడిపోయినా పని ఆగదు. అయితే ఒక విద్యార్థి ఫోల్డరును చెరిపివేస్తే, రైడ్ ఆ ఆదేశాన్ని అన్ని డిస్కులపైనా అంతే విశ్వసనీయంగా అమలు చేస్తుంది. రైడ్ పనికి అంతరాయం కలగకుండా చూస్తుంది, గతాన్ని గుర్తుంచుకోదు.

రెండవది సమకాలీకరణ, అనగా సింక్. రెండు చోట్ల ఒకే రూపం ఉండేలా చూడటం దీని పని. మంచి మార్పుతో పాటు తప్పు మార్పు కూడా కొద్ది క్షణాలలో రెండవ చోటికి చేరుతుంది. పాత రూపాలను విడిగా దాచే ఏర్పాటు లేనిదే అది బ్యాకప్ కాదు.

మూడవది స్నాప్‌షాట్. ఒక నిర్దిష్ట క్షణంలో ఫైళ్లు ఉన్న స్థితిని పరికరం గుర్తుంచుకుంటుంది. బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్‌ఎఫ్ఎస్ వంటి ఫైల్ వ్యవస్థలలో ఇది క్షణాలలో పూర్తవుతుంది, మారిన భాగాలకు మాత్రమే స్థలం తీసుకుంటుంది. పొరపాట్లను వెనువెంటనే సరిదిద్దుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. కానీ స్నాప్‌షాట్ ఉండేది మూల దత్తాంశం ఉన్న డిస్కులపైనే. పరికరం కాలిపోయినా, దొంగతనానికి గురైనా రెండూ కలిసే పోతాయి.

బ్యాకప్ అనదగినది మూల పరికరంతో సంబంధం లేకుండా వేరొక పరికరంలో, పాత రూపాలతో సహా ఉండి, అవసరమైనప్పుడు తిరిగి తీసుకోగలిగిన ప్రతి మాత్రమే.

విధానానికి మూలమైన మూడు ప్రశ్నలు

కాలపట్టికను అమర్చే ముందు ప్రతి ప్రయోగ విభాగం మూడు ప్రశ్నలకు సమాధానం రాసుకోవాలి. ఎంత పని పోయినా తిరిగి చేసుకోగలరు? ఎంత సమయంలో దత్తాంశం తిరిగి అందుబాటులోకి రావాలి? జరిగిన తప్పు ఎంత ఆలస్యంగా బయటపడే అవకాశం ఉంది?

మొదటి ప్రశ్న బ్యాకప్ ఎన్నిసార్లు జరగాలో నిర్ణయిస్తుంది. ఒక రోజు నమోదులను క్షేత్ర పుస్తకం నుంచి తిరిగి ఎక్కించగలిగితే రోజుకొక బ్యాకప్ సరిపోతుంది. కాగితం లేకుండా నేరుగా ట్యాబ్లెట్‌లో నమోదు చేస్తుంటే గంటకొకసారి ప్రతి అవసరం. రెండవ ప్రశ్న ఒక ప్రతి దగ్గరలోనే ఉండాలా, దూరాన ఉన్నా ఫరవాలేదా అన్నది తేలుస్తుంది. మూడవ ప్రశ్న నిల్వ గడువును నిర్ణయిస్తుంది. అమరికల సమయంలో ఎక్కువగా విస్మరించబడేది ఈ మూడవదే.

ఈ సమాధానాలు అన్ని ఫైళ్లకూ ఒకటి కావు. ముడి పరిశీలనలు, లాగర్ రికార్డులు, డ్రోన్ మూల చిత్రాలు ఒకసారి రాసిన తరువాత మారకూడనివి. వాటిని చదవడానికి మాత్రమే వీలున్న ఫోల్డరులో ఉంచి శాశ్వతంగా భద్రపరచాలి. విశ్లేషణ పట్టికలు, సిద్ధాంత వ్యాసాల చిత్తుప్రతులు రోజూ మారేవి. వీటికి తరచు బ్యాకప్ అవసరం. ముడి చిత్రాల నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసిన పటాలను మళ్లీ తయారు చేసుకోవచ్చు. వాటికి స్థలం చాలకపోతే బ్యాకప్ మినహాయించినా నష్టం లేదు.

కాలపట్టిక అమరిక

బ్యాకప్ ప్రధానంగా రెండు రకాలు. సమస్తాన్నీ నకలు చేసేది పూర్ణ బ్యాకప్. గత బ్యాకప్ తరువాత మారిన భాగాలను మాత్రమే తీసుకునేది క్రమవృద్ధి బ్యాకప్. మొదటిసారి పూర్ణ బ్యాకప్, తరువాత ప్రతిరోజూ క్రమవృద్ధి బ్యాకప్ అనేది సాధారణ పద్ధతి.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. ఒక పరిశోధనా స్థానంలో 4 టెరాబైట్ల దత్తాంశం ఉన్నదనీ, రోజుకు 5 గిగాబైట్లు కొత్తగా చేరడమో మారడమో జరుగుతుందనీ అనుకుందాం. గిగాబిట్ స్థానిక నెట్‌వర్క్‌పై సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వెళ్తాయి కనుక పూర్ణ బ్యాకప్‌కు దాదాపు 10 గంటలు పడుతుంది. రోజువారీ క్రమవృద్ధి బ్యాకప్ ఒక నిమిషంలోపు ముగుస్తుంది. సెకనుకు 50 మెగాబిట్లు పంపగల ఇంటర్నెట్‌పై అదే పూర్ణ బ్యాకప్ ఏడు రోజులకు పైగా నడుస్తుంది. రోజువారీ మార్పులు మాత్రం 14 నిమిషాలలోపే వెళ్లిపోతాయి. అందువల్ల దూరాన ఉంచవలసిన తొలి ప్రతిని డిస్కులోకి ఎక్కించి మనిషి చేత పంపించి, ఆపై మార్పులను మాత్రమే నెట్‌వర్క్ ద్వారా పంపడం ఆచరణయోగ్యం.

పై ఉదాహరణకు ఈ క్రింది అమరిక సరిపోతుంది.

1. పని వేళల్లో గంటకొక స్నాప్‌షాట్. వీటిని 3 రోజులు ఉంచాలి.
2. ప్రతి రాత్రి 9 గంటలకు, వేరొక భవనంలోని రెండవ పరికరానికి క్రమవృద్ధి బ్యాకప్.
3. ప్రతి రాత్రి 11 గంటలకు, దూర ప్రాంతంలోని ప్రతికి ఆనాటి మార్పులు.
4. నెలకొకసారి, ఆదివారం నాడు, డిస్కులలోని దత్తాంశ సమగ్రత తనిఖీ. బ్యాకప్ జరిగే వేళకు ఇది అడ్డు రాకూడదు.
5. పంట కాలం ముగిసి దత్తాంశం సరిచూసిన తరువాత, ఆ కాలపు ముడి దత్తాంశమంతా విడి డిస్కులోకి ఎక్కించి, డిస్కును పరికరం నుంచి వేరుచేసి బీరువాలో ఉంచాలి.

రాత్రి వేళను ఎంచుకోవడానికి కారణం నెట్‌వర్క్ రద్దీ ఒక్కటే కాదు. ఫైలు తెరిచి ఉండగా నకలు చేస్తే అసంపూర్ణ రూపం బ్యాకప్‌లో చేరవచ్చు. డేటాబేస్ వాడుతున్న చోట ముందుగా దాని ఎగుమతి ఫైలును తయారు చేయించి, ఆ తరువాత బ్యాకప్ మొదలయ్యేలా సమయాలను అమర్చాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా నకలు చేస్తే అవి తిరిగి తెరుచుకోకపోవచ్చు.

విద్యుత్ అంతరాయాలు ఉండే స్థానాలలో మరో రెండు జాగ్రత్తలు అవసరం. నాస్‌కు యూపీఎస్ ఉండటమే కాక, బ్యాటరీ తగ్గినప్పుడు పరికరం తనంతట తాను క్రమపద్ధతిలో ఆగిపోయేలా రెంటినీ కేబుల్‌తో అనుసంధానించాలి. నిర్ణీత వేళకు పరికరం ఆగి ఉంటే, తిరిగి మొదలైన వెంటనే తప్పిపోయిన పనిని పూర్తిచేసే అమరిక ఉన్నదో లేదో చూసుకోవాలి. ఆ అమరిక లేని షెడ్యూలర్ మరుసటి రాత్రి వరకు ఊరుకుంటుంది. రోజూ అదే వేళకు కరెంటు పోతే వారాల తరబడి బ్యాకప్ జరగకపోవచ్చు.

నిల్వ గడువు: పంట కాలమే కొలమానం

ఖరీఫ్ వరి ప్రయోగం ఒకటి జూలైలో నాట్లు వేశారనుకుందాం. ఆగస్టు చివర పిలకల సంఖ్యను ఎక్సెల్ పట్టికలో నమోదు చేశారు. ఆ సమయంలో ఎవరో ప్లాటు సంఖ్యల వరుసను సరిచేయడానికి ఒక్క నిలువు వరుసను మాత్రమే క్రమీకరించి, ఫైలును భద్రపరిచారు. ప్లాటు సంఖ్యలు ఒకవైపు, వాటి విలువలు మరోవైపు అయిపోయాయి. పట్టికలో ఖాళీలు లేవు, అంకెలన్నీ సహజంగానే ఉన్నాయి. చూసినవారికి ఏ అనుమానమూ కలగదు. నవంబరులో కోత, డిసెంబరులో విశ్లేషణ. అప్పుడు గాని ట్రీట్‌మెంట్ల మధ్య తేడాలు అర్థరహితంగా ఉన్న సంగతి బయటపడదు.

బ్యాకప్ ప్రతులను 30 రోజులు మాత్రమే ఉంచే అమరిక ఉంటే, సరియైన పట్టిక చివరి ప్రతి సెప్టెంబరు ముగిసేలోపే తొలగిపోయి ఉంటుంది. బ్యాకప్ ఒక్క రాత్రి కూడా తప్పలేదు. అయినా డిసెంబరులో చేతికి అందేవన్నీ తప్పు పట్టిక నకళ్లే. ఇక్కడ లోపం పరికరానిది కాదు, గడువుది. కార్యాలయ లావాదేవీలలో తప్పు కొద్ది రోజులలో బయటపడుతుంది. క్షేత్ర ప్రయోగంలో అది కోత వరకు, ఒక్కొక్కప్పుడు సిద్ధాంత వ్యాస పరీక్ష వరకు దాగి ఉంటుంది.

కావున ప్రతుల సాంద్రతను కాలంతో పాటు తగ్గిస్తూ, వ్యవధిని మాత్రం దీర్ఘంగా ఉంచాలి. రోజువారీ ప్రతులు 14, వారపు ప్రతులు 8, నెలవారీ ప్రతులు 18, పంట కాలాంతపు ప్రతులు శాశ్వతంగా ఉంచడం వార్షిక పంటల ప్రయోగాలకు అనువైన అమరిక. 18 నెలల వ్యవధిలో ఖరీఫ్, రబీ, వేసవి పంటలతో పాటు విశ్లేషణ కాలం కూడా ఇమిడిపోతుంది. మామిడి, కొబ్బరి వంటి బహువార్షిక పంటల ప్రయోగాలకు నెలవారీ ప్రతులను ఇంకా ఎక్కువ కాలం ఉంచాలి. స్నాతకోత్తర, డాక్టరేట్ విద్యార్థుల దత్తాంశాన్ని పట్టా పొందే వరకు, ప్రచురణ ముగిసే వరకు తొలగించరాదు.

ఇన్ని ప్రతులకు స్థలం ఎక్కడిదన్న సందేహం సహజం. క్రమవృద్ధి పద్ధతిలో 40 ప్రతులు అంటే 40 రెట్ల స్థలం కాదు. పై ఉదాహరణలో రోజుకు 5 గిగాబైట్ల చొప్పున 18 నెలల మార్పులన్నింటినీ ఒక్కటి కూడా వదలక ఉంచినా 2.7 టెరాబైట్లు అవుతాయి. మూల ప్రతితో కలిపి 6.7 టెరాబైట్లు. అనగా 8 టెరాబైట్ల ఒక డిస్కులో ఏడాదిన్నర చరిత్ర మొత్తం ఇమిడిపోతుంది.

ప్రతులు ఎక్కడ ఉండాలి

దత్తాంశానికి కనీసం 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాలపై, వాటిలో 1 వేరొక ప్రదేశంలో ఉండాలన్నది నిల్వ రంగంలో స్థిరపడిన సూత్రం. వేరొక ప్రదేశం అంటే పక్క గది కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ సంస్థకు చెందిన దత్తాంశ కేంద్ర భవనం అగ్నికి ఆహుతైనప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరు ఖాతాదారులు రెండింటినీ కోల్పోయారు.

ఆంధ్రప్రదేశ్ తీరంలోని స్థానాలు తుఫానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఆ ప్రాంతమంతటా విద్యుత్, సమాచార వ్యవస్థలు ఒకేసారి స్తంభించాయి. ఒకే తుఫాను, ఒకే వరద చుట్టుముట్టలేని దూరంలో రెండవ ప్రతి ఉండాలి. ఉత్తర కోస్తాలోని అనకాపల్లి వంటి స్థానపు ప్రతి రాయలసీమలోని నంద్యాలలో, నంద్యాల ప్రతి అనకాపల్లిలో ఉండేలా పరిశోధనా స్థానాలు పరస్పరం ఏర్పాటు చేసుకుంటే క్లౌడ్ చందా లేకుండానే ఈ నియమం నెరవేరుతుంది.

రాన్సమ్‌వేర్ మరొక రకమైన ముప్పు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్ పరికరాలలోని ఫైళ్లను గుప్తీకరించి డబ్బు డిమాండు చేసింది. దీనికి కొన్ని సరళమైన నివారణలు ఉన్నాయి. నాస్ నిర్వహణ పుటను ఇంటర్నెట్‌కు తెరవరాదు. బ్యాకప్ పనికి ప్రత్యేక ఖాతా ఉండాలి. దాని సంకేతపదం రోజువారీ వాడకందారులకు తెలియరాదు. మూల పరికరం ప్రతిని పంపడం కంటే, బ్యాకప్ పరికరమే వచ్చి తీసుకువెళ్లే అమరిక మేలు. అప్పుడు మూల పరికరం దాడి చేసినవారి చేతికి చిక్కినా, బ్యాకప్‌ను చెరిపే అధికారం వారికి ఉండదు. బీరువాలో విడిగా ఉంచిన డిస్కును ఏ నెట్‌వర్క్ దాడీ తాకలేదు.

బయటి ప్రతులను గుప్తీకరించేటప్పుడు దాని తాళపు సంకేతాన్ని ఆ నాస్‌లోనే ఉంచరాదు. కాగితంపై రాసి, ముద్రవేసిన కవరులో స్థానాధిపతి వద్ద ఒకటి, వేరొక కార్యాలయంలో ఒకటి భద్రపరచాలి.

పరీక్షించని బ్యాకప్

కాలబద్ధ విధానానికి ఒక సహజ బలహీనత ఉంది. ఒకసారి అమర్చిన తరువాత ఎవరూ దానివైపు చూడరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను చెరిపివేశాడు. ఆ సంస్థకు పలు బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నా, అవసరం వచ్చేసరికి అవి పనిచేయడం లేదని తేలింది. బ్యాకప్ విఫలమైనట్లు తెలిపే ఈమెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల ముందు యాదృచ్ఛికంగా తీసి ఉంచిన స్నాప్‌షాట్ వల్ల మిగిలిన దత్తాంశం దక్కింది.

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటర్ నిల్వలో బ్యాకప్ ప్రోగ్రామే ప్రమాదకారి అయింది. పాత లాగ్ ఫైళ్లను తొలగించవలసిన స్క్రిప్టును, అది నడుస్తుండగానే మార్చడం వల్ల, అది పరిశోధకుల ఫైళ్లను తొలగించింది. దాదాపు 77 టెరాబైట్లు, 14 పరిశోధక బృందాలకు చెందిన సుమారు 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. వాటిలో నాలుగు బృందాల దత్తాంశాన్ని బ్యాకప్ నుంచి పునరుద్ధరించడం సాధ్యపడలేదు. బ్యాకప్ అమరికలో ఏ మార్పైనా ముందుగా నమూనా ఫోల్డరుపై పరీక్షించాలని ఈ సంఘటన తెలుపుతుంది.

వైఫల్యాన్ని మాత్రమే తెలిపే సందేశాలపై ఆధారపడరాదు. సందేశం రాకపోవడాన్ని విజయంగా భావించే ప్రమాదం ఉంది. ప్రతి ఉదయం విజయమో వైఫల్యమో తెలిపే సందేశం ఇద్దరికి రావాలి, అది రాని రోజు కారణం వెతకాలి. బదిలీ అయిన ఫైళ్ల సంఖ్య ఒక్కసారిగా అసాధారణంగా పెరిగితే, అది సామూహిక మార్పుకు లేదా రాన్సమ్‌వేర్‌కు సూచన కావచ్చు.

మూడు నెలలకొకసారి పునరుద్ధరణ పరీక్ష జరపాలి. గత పంట కాలానికి చెందిన ఒక ప్రయోగాన్ని ఎంచుకుని, దాని ఫైళ్లను బ్యాకప్ నుంచి వేరొక కంప్యూటరులోకి తీసుకుని తెరవాలి. వెయ్యి గింజల బరువు, గింజ దిగుబడి వంటి కొన్ని విలువలను క్షేత్ర పుస్తకంతో పోల్చాలి. ఈ పనిని అమరిక చేసిన వ్యక్తి కాక, వేరొకరు రాతపూర్వక సూచనలను చూసి చేయాలి. ఎంత సమయం పట్టిందో రిజిస్టరులో నమోదు చేయాలి. వ్యవసాయ గణాంక శాస్త్ర విద్యార్థులకు దీనిని ప్రయోగ తరగతిగా కేటాయిస్తే శిక్షణ, తనిఖీ రెండూ ఒకేసారి నెరవేరుతాయి.

బాధ్యత, నిరంతరత

శాస్త్రవేత్తలు బదిలీ అవుతారు, విద్యార్థులు పట్టా తీసుకుని వెళ్లిపోతారు. విధానం ఒక వ్యక్తి జ్ఞాపకంలో ఉంటే అది ఆ వ్యక్తితోనే వెళ్లిపోతుంది. కావున ఏ ఫోల్డరులు, ఏ వేళకు, ఎక్కడికి, ఎంతకాలం అన్న వివరాలు, బాధ్యుడి పేరు, ప్రత్యామ్నాయ బాధ్యుడి పేరు ఒకే పుటలో రాసి, నాస్ ఉన్న గదిలోనూ కార్యాలయ ఫైలులోనూ ఉంచాలి. బదిలీ సమయంలో సామగ్రి అప్పగింత జాబితాలో విత్తన నిల్వలు, పరికరాలతో పాటు బ్యాకప్ అప్పగింత కూడా ఒక అంశంగా చేరాలి. ప్రతి పంట కాలం ప్రారంభంలో, ప్రయోగ ప్రణాళిక ఖరారయ్యే సమావేశంలోనే కొత్త ఫోల్డరులు బ్యాకప్ పరిధిలోకి వచ్చాయో లేదో సరిచూడాలి.

ముగింపు

బ్యాకప్ విధానం కంప్యూటర్ విభాగానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు; అది ప్రయోగ రూపకల్పనలో భాగం. పునరావృతాల సంఖ్యను, ప్లాటు పరిమాణాన్ని నిర్ణయించినట్లే, దత్తాంశాన్ని ఎంత తరచుగా, ఎక్కడ, ఎంతకాలం భద్రపరచాలో నాట్లకు ముందే నిర్ణయించాలి. పరికరం ఎన్ని ప్రతులనైనా తీయగలదు. తప్పు బయటపడే రోజు వరకు ఒప్పు పట్టికను నిలిపి ఉంచే గడువును మాత్రం పంట కాలం తెలిసిన శాస్త్రవేత్తే నిర్ణయించగలరు.